44 శాతం భయం, చెంచాడు ధనియాలు

థైరాయిడ్ ఉన్న యువతకు పక్షవాతం ముప్పు 44 శాతం ఎక్కువన్న సంగతి పరీక్షా కేంద్రాల ప్రకటనలకు ఇప్పుడే తెలిసివచ్చింది. తైవాన్ పరిశోధకులు 2010లోనే దాన్ని ప్రచురించారు కనుక, ప్యాకేజీ ధర ఖరారు కావడానికే ఇంతకాలం పట్టిందనుకోవాలి. 18 నుంచి 44 ఏళ్లవారిని అయిదేళ్లు గమనిస్తే, గ్రంథి అతిగా పనిచేసే హైపర్‌థైరాయిడిజం ఉన్నవారిలో వెయ్యికి పదిమందికి, లేనివారిలో ఆరుగురికి మెదడు రక్తనాళం మూసుకుపోయే పక్షవాతం వచ్చింది. ఇతర కారణాలను సర్దిచూశాక తేలిన అంకె ఆ 44. వెయ్యికి ఆరు, పది అంటే ఎవరూ రక్తమివ్వడానికి రారు గనుక ప్రకటన ఆ మాట చెప్పదు. తెలుగు ఇళ్లలో థైరాయిడ్ మాత్ర వేసుకునేవారిలో అత్యధికులకు గ్రంథి మందగించిందే తప్ప చెలరేగలేదని, ఆ అంకె వారిది కాదని అసలే చెప్పదు.

భయం అమ్మేవారి పక్కనే అభయం అమ్మేవారూ వీడియోల్లో దుకాణం తెరిచారు. చెంచాడు ధనియాలు రాత్రి నానబెట్టి, పొద్దున మరిగించి, వడగట్టి, పరగడుపున తాగితే థైరాయిడ్ సమూలంగా పోతుందన్నది వారి సిద్ధాంతం. మందగించిన గ్రంథిని ధనియాలు తట్టి లేపుతాయట, చెలరేగిన గ్రంథిని అవే ధనియాలు జోకొడతాయట. హార్మోన్ ఎటు మొగ్గిందో తెలుసుకోవడానికి వైద్యులకు రక్తపరీక్ష కావాలి గాని, గింజకు అక్కర్లేదు.

ఇందులోనూ శాఖాభేదాలున్నాయి: నాటు ధనియాలే కావాలనే వారు కొందరు, రాగి చెంబులోనే నానాలనే వారు మరికొందరు, నానిన గింజలను నమలాలా పారబోయాలా అన్నదానిపై ద్వైతాద్వైత చర్చలంతటి వాదాలు. థైరాయిడ్ హార్మోన్ మాత్రను కూడా పరగడుపునే, ఏమైనా తినడానికి అరగంట నుంచి గంట ముందు మంచినీళ్లతో వేసుకోవాలి కాబట్టి ఒకే ఖాళీ కడుపుకు ఇద్దరు హక్కుదారులు తయారయ్యారు. వ్యాజ్యంలో ఓడేది మాత్రే. చారుకు ఘుమఘుమలిచ్చే దినుసు చేసిన నేరమేమీ లేదు. దానికి ఈ పదవి కట్టబెట్టినవారే దోషులు.

‘ఇక మాత్ర మానేయండి’ అన్న మాట దగ్గర ఈ వినోదం ముగుస్తుంది. గ్రంథి చెలరేగినవారు కార్బిమజోల్ వంటి మందు ఆపితే గుండె పైగదులు లయ తప్పి వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రావచ్చు, అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టవచ్చు, ఆ గడ్డ మెదడుకు చేరి ముప్ఫయ్యేళ్ల మనిషి మాటను, చేతిని ఒక్కపూటలో లాగేసుకోవచ్చు. గ్రంథి మందగించినవారు ఆపితే కొలెస్ట్రాల్ పెరిగి రక్తనాళాలను మెల్లగా పాడుచేస్తుంది. గడ్డను కరిగించే సూదిమందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే పడాలి. ధనియాలకు రాత్రంతా కావాలి. ఇది అమాయకత్వం కాదు, దగా; వీడియో చివర ‘వైద్యుణ్ణి సంప్రదించండి’ అని చిన్న అక్షరాల్లో వేసినంత మాత్రాన దగా దగా కాకుండా పోదు.

బరువు తగ్గాలని ఆరోగ్యమైన ఒంట్లోకి థైరాయిడ్ హార్మోన్ దించుకునేవారు, లేని జబ్బును డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు. జుట్టు కోసం బయోటిన్ ఎక్కువ మోతాదులో మింగి పరీక్షకు వెళ్లేవారికి, కొన్ని పద్ధతుల్లో, ఆ జబ్బు కాగితం మీద ఉచితంగానే దొరుకుతుంది. ఇక గ్రంథికి ఊతమిస్తాయంటూ అమెరికాలో చీటీ లేకుండా అమ్మే పది రకాల గుళికలను పరీక్షిస్తే, తొమ్మిదింటిలో టీ3 అనే థైరాయిడ్ హార్మోనే ఉన్నట్టు 2013లో బయటపడింది. మందులు వద్దనుకుని వాటిని కొన్నవారు మోతాదు తెలియని మందునే మింగారు.