గోపురం పిచ్చి

పాస్టర్లకు వచ్చే జబ్బుల్లో బీపీ, షుగరు అందరికీ తెలిసినవే. మూడోది ఒకటుంది. అది పట్టినవాడికి జబ్బు పట్టినట్టే తెలియదు. పైపెచ్చు ఆత్మీయంగా ఎదుగుతున్నాననుకుంటాడు. కట్టుబడి పిచ్చి. నాకది మెదక్‌లో పట్టుకుంది.

మాది ఒంగోలు దగ్గర చిన్న సంఘం. పొగాకు గ్రేడింగుకు వెళ్లే ఆడవాళ్లు, తాపీ పనివాళ్లు, ఆటో తోలేవాళ్లు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మా ట్రెజరర్‌గారు. ఆరాధన రేకుల షెడ్డులో. వానాకాలం ఆ చప్పుడుకు నా ప్రసంగం వెనక వరసలకు వినపడదు. (కొన్ని ఆదివారాలు అది వాళ్లకు మేలే చేసి ఉంటుంది.) ఓ వేసవి సెలవుల్లో బస్సు మాట్లాడుకుని అందరం మెదక్ చర్చి చూడటానికి వెళ్లాం.

100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. లోపల రంగుటద్దాల కిటికీల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం. బయట వెలుతురున్నంతసేపే ఆ బొమ్మలు కనపడతాయి, పొద్దుగూకితే ఏమీ ఉండదు. మాకు చర్చి చూపించినాయన కథంతా చెప్పాడు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ 1914లో పని మొదలుపెట్టించాడు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అవి కరువు రోజులు. తిండికి లేని జనానికి పని చూపించి కూడు పెట్టడానికే ఇంత కట్టడం తలపెట్టాడని అక్కడ చెప్పుకుంటారు. ఆయన ఆ మాట చెబుతున్నప్పుడు నేను మెడ వెనక్కి వాల్చి గోపురం కొస చూస్తున్నాను. నా చెవిన పడింది 175 ఒక్కటే.

తిరుగు ప్రయాణంలో ఆడవాళ్లు కీర్తనలు పాడుకుంటుంటే నేను ఓ కవరు వెనక గీతలు గీస్తూ కూర్చున్నాను.

షెడ్డు తీసి శ్లాబు వేసుకోవాలనుకోవడం తప్పు కాదు, ఇప్పటికీ ఆ మాటే అంటాను. దానికి గోపురం ఎందుకో మాత్రం ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు. అప్పుడు మాత్రం ఉంది: దేవుడు చూపించాడు. ఈ మాట పుల్‌పిట్ మీదనుంచి అన్నాక ఎదురు మాట్లాడేవాడుండడు. ఒంగోల్లో కుర్ర ఇంజినీరొకడు కంప్యూటర్లో ఎలివేషన్ గీసిచ్చాడు. పైన నీలాకాశం, తెల్ల పావురాలు, కింద మా సందులో ఏనాడూ ఆగని కార్లు. దాన్ని ఫ్లెక్సీ కొట్టించి షెడ్డులో కట్టాం. ట్రెజరర్‌గారు ఆరాధన అయ్యాక నా పక్కకొచ్చి మెల్లిగా, “అయ్యగారూ, పద్దు ఎంతవుద్ది?” అన్నారు. “అల్పవిశ్వాసం పనికిరాదండీ” అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని వెళ్లిపోయారు. లూకా సువార్త పద్నాలుగో అధ్యాయంలో గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది సాక్షాత్తు ప్రభువే. ట్రెజరర్‌గారికి ఆ వచనం గుర్తుండే ఉంటుంది. పాస్టరుకు బైబిలు అప్పజెప్పకూడదన్న మర్యాద కూడా ఆయనకుంది.

విశ్వాస వాగ్దానమని కార్డులు అచ్చేయించాం. పేరు, ఫోన్ నంబరు, ఇంత ఇస్తానని అంకె, సంతకం. ప్రతి ఆదివారం ఆ పేర్లు, అంకెలు మైకులో నేనే చదివేవాణ్ణి. పెద్ద అంకెకు గొంతు పెంచేవాణ్ణి, ‘హల్లెలూయ’ అనిపించేవాణ్ణి. చిన్న అంకె దగ్గర గబగబా దాటిపోయేవాణ్ణి. ఆ గొంతు తేడా సంఘంలో చంటిపిల్లకు కూడా తెలిసిపోయేది.

ఆ యేడు కోత పండుగ సంగతి చెప్పుకోవాలి. మా వైపు కోత పండుగకు ఎవరింట్లో పండింది వాళ్లు తెస్తారు. సొరకాయలు, గుమ్మడికాయలు, బియ్యం, కోళ్లు. ఆరాధన తర్వాత వేలం. అదొక సరదా, సొరకాయ ఒకటి రెండొందలకు పాడి, కొన్నాయన దాన్ని మళ్లీ కానుకగా ఇచ్చేస్తే, రెండోసారి వేలం వేసి నవ్వుకోవడం. ఆ యేడు వేలం నేనే పాడించాను. పుంజును చంకలో పెట్టుకుని నిలబడ్డ తాపీ మేస్త్రీ ఒకడు తొమ్మిదొందల దగ్గర ఆగాడు. ఆగనివ్వలేదు నేను. “మీ పెద్దాడికి ఉద్యోగం వచ్చింది గదా తమ్ముడూ, ఇచ్చినవాడికి ఆ మాత్రం ఇయ్యవా?” అని మైకులోనే అన్నాను. పదిహేనొందలన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అతని భార్య కొట్టలేదు. నేనది చూశాను. చూసి, తర్వాత గుమ్మడికాయ ఎత్తి పట్టుకున్నాను.

“దేవుడు చేస్తాడు” అని పగలు మైకులో అనేవాణ్ణి. రాత్రి పడుకుని ఫోన్లో క్యాలిక్యులేటర్ నొక్కుకునేవాణ్ణి. ఆ నోరూ ఈ వేలూ ఒకే మనిషివని నాకు తట్టలేదు. దేవుడు చేస్తాడని నిజంగా నమ్మినవాడికి మేస్త్రీ పెద్దకొడుకు జీతంతో పనేముంది? పేర్లు చదవడమెందుకు? పేరు చదివితే జనం భయపడేది దేవుడికి కాదు, పక్క బెంచీవాళ్లకి. ఆ భయం నాకు పనికొస్తుందని నాకు తెలుసు. నమ్మకం లేని పాస్టరుకి జనాన్ని తోలడం ఒక్కటే దారి, దానికి విశ్వాసమని పేరు పెట్టుకున్నాను.

ఇక కానుకల ప్రసంగానికి మా పాస్టర్లందరికీ ఒకే ఒక్క ఆసరా ఉంది: బీద విధవరాలు, రెండు కాసులు. మార్కు పన్నెండో అధ్యాయం. ఆ భాగం మీద నేనెన్నిసార్లు మాట్లాడానో నాకే తెలియదు. ఎప్పుడూ ఆమె దగ్గరే మొదలుపెట్టి ఆమె దగ్గరే ఆపేవాణ్ణి. కానుకల పెట్టె తెరిచి ఉంచి, కన్నీళ్లు తెప్పించి, దిగిపోయేవాణ్ణి. ఆమె కథకు ఇటు, అటు ఏముందో చదవలేదు. సరిగ్గా ముందు మాటల్లో యేసు, శాస్త్రులు విధవరాండ్ర ఇళ్లు మింగేస్తున్నారని, పైకి పొడుగాటి ప్రార్థనలు చేస్తున్నారని దుయ్యబడతాడు. అది ముగిసీ ముగియగానే ఈమె వచ్చి తన బతుకంతా పెట్టెలో వేస్తుంది. పదమూడో అధ్యాయం మొదట్లో శిష్యుడొకడు దేవాలయం చూపించి, ఎంతెంత రాళ్లో, ఎలాంటి కట్టడాలో చూడమంటాడు. వీటిలో రాయి మీద రాయి నిలవదంటాడు ప్రభువు. ఆమె ఇచ్చింది ఆ రాళ్లకే. ఆయన ఆమెను మెచ్చుకున్నాడు సరే, ఆమె చేత ఇప్పించినవాళ్లను మెచ్చుకున్నాడా? మైకు పట్టుకుని నేను నిలబడ్డది ఎవరి పక్కనో మార్కుగారు రాసే పెట్టారు.

ఇవన్నీ చదివి బుద్ధి తెచ్చుకున్నానంటే అబద్ధం. నాకు బుద్ధి చెప్పింది మా ఆవిడ.

గ్రేడింగుకు వెళ్లే అవ్వ ఒకామె ఉంది. సీజను మొత్తం ఆకు కట్టలు విప్పి, రంగును బట్టి, మచ్చను బట్టి వేరుచేసి కూర్చుంటుంది. ఆదివారం చీర మార్చుకొచ్చినా పొగాకు వాసన చేతుల్ని వదలదు. ఆమె కార్డు మీద ఐదు వేలని ఉంది. ఒకే దఫాలో తెచ్చిచ్చింది. నేను మైకులో చాలాసేపు పొగిడాను. ఓ ఆదివారం భోజనాల దగ్గర మా ఆవిడ అడిగింది, “అవ్వ చెవులు చూశారా?” చూడలేదన్నాను. “ఎదురుగా రెండో వరసలో కూర్చుంటది గదండీ. కమ్మలు లేవు. బెజ్జాలు పూడకుండా చీపురుపుల్లలు పెట్టుకుని వస్తంది. ఎప్పటినుంచో అంతే.” పుల్‌పిట్ మీదనుంచి ఆ చెవుల వైపే చూస్తూ నేను అన్ని ఆదివారాలు మాట్లాడాను.

అన్నం సయించలేదంటే నాటకంలా ఉంటుంది. తిన్నాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. లేచి బైబిలు తీస్తే ఆదికాండం ముప్పై మూడు వచ్చింది. వచ్చిందంటే చీటీ తీసినట్టు కాదు, ఆ వారం పఠనం అదే. ఏశావు నాలుగొందల మందితో వచ్చి, పద, కలిసి పోదామంటాడు. యాకోబు వద్దంటాడు. పిల్లలు పసివాళ్లు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, ఒక్క రోజు గట్టిగా తోలితే మందంతా చస్తుంది, నువ్వు ముందు నడువు, నేను వీటి నడకను బట్టి మెల్లిగా వస్తానంటాడు. (వస్తానన్న శేయీరుకు వెళ్లనేలేదు, సుక్కోతుకు పోయాడు. యాకోబు యాకోబే.) పెనూయేలు దగ్గర రాత్రంతా పోరాడి తొడ కీలు తప్పి కుంటుతున్నవాడు అప్పటికి. కుంటేవాడికే వెనకబడ్డవాళ్ల నడక తెలుస్తుందేమో. సుక్కోతులో ఇల్లు కట్టుకున్నాడు, ఆ తర్వాత పశువులకు పాకలు వేశాడు. గోపురం సంగతి లేదు.

ఆ రాత్రే ఇంకో కథ కూడా గుర్తొచ్చింది. మా ప్రాంతపు బాప్టిస్టులకు మిషనరీ క్లౌ దొరగారి కథ ఉగ్గుపాలతో పోస్తారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం. ఆ అంకె లేకుండా నేను వార్షికోత్సవ ప్రసంగం చేసిన పాపాన పోలేదు. దానికి ముందు జరిగింది చెప్పేవాణ్ణి కాదు. 1876-78 కరువులో జనం చచ్చిపోతుంటే ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు ముక్క కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లను పనిలో పెట్టుకున్నాడు. మేస్త్రీలుగా తన బోధకుల్నే పెట్టాడు. ఆ నెలల్లో బాప్తిస్మం ఇవ్వండని వేలమంది అడిగితే ఇవ్వనన్నాడు. అన్నం కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో కరువు పోయాక చూద్దామని ఏడాదికి పైగా ఆపాడు. చేతికందిన అంకెను వద్దని ఆపగలగడం నాకు అర్థంకాని సంగతి. మెదక్‌లో 175, ఇక్కడ 2,222. నా చెవికి అంకెలు తప్ప ఆనవని అప్పుడు తెలిసింది.

కమిటీ కూర్చుంది. అప్పటికే పిల్లర్లు నడుమెత్తు లేచి ఉన్నాయి, అక్కడికి ఆపాం. కార్డులు వెనక్కి ఇచ్చేశాం. మేస్త్రీ తన కార్డు నా ముందే చింపి జేబులో పెట్టుకున్నాడు, ఒక్క మాట అనలేదు. ట్రెజరర్‌గారు ఇచ్చినవాళ్ల పేర్ల బోర్డు తనే మేకులు పీకి దించారు. అల్పవిశ్వాసం మాట నేను ఎత్తబోతే, “పోనీండి అయ్యగారూ” అన్నారు. పోనిచ్చినట్టు లేదు. ఆయన హక్కది.

అవ్వ ఐదు వేలు తిరిగివ్వాలని నిర్ణయించాం. తీసుకుని వెళ్లింది నేనే. ఒక సంగతి ఒప్పుకోవాలి: దారిలో నా బుర్రలో ప్రసంగం తయారైపోయింది. ఆమె తీసుకోదు. దేవుడికిచ్చింది వెనక్కెలా తీసుకుంటానయ్యా అంటుంది. నేను కళ్లు తుడుచుకుంటాను. వచ్చే ఆదివారం అదే సాక్ష్యం. అంత జరిగాక కూడా ఆమె చెవుల్లోంచి ఇంకో ప్రసంగం తీయబోయాను.

అవ్వ నోట్లు తీసుకుంది. వేలు తడి చేసుకుని రెండుసార్లు లెక్కపెట్టింది. రవికలో పెట్టుకుని, “వడ్డీ సంగతేందయ్యగారూ?” అంది.

నేను నోరు తెరిచాను.

“నూటికి రెండు రూపాయల లెక్కన తాకట్టు కొట్టాయన వేస్తన్నాడు. కమ్మలు రావాలంటే అదీ కట్టాల గదా.” కోపం లేదు గొంతులో, వెటకారం అంతకంటే లేదు. తక్కెడ దగ్గర నిలబడి కట్టకెంత తూగిందో చెప్పే గొంతు. ఎన్ని నెలలైందో వేళ్ల మీద లెక్కేసి చెప్పింది. ఆ డబ్బు కమిటీని అడగలేను. ఇంటికొచ్చి మా ఆవిడ్ని అడిగాను. పోపుల డబ్బా వెనకనుంచి తీసిస్తూ, “ఆదివారం చెప్పరు గదా ఇది?” అంది.

సాయంత్రం వడ్డీ కూడా ఇచ్చి లేవబోతుంటే అవ్వ ఆపింది. “ఆడోళ్లం కూర్చునే కాడ పైన రేకు చిల్లు పడిందయ్యగారూ. పోయిన వానాకాలం నుంచీ నా నెత్తినే కారతంది. అది చూపియ్యండి ముందు.”

మర్నాడు ట్రెజరర్‌గారి ఇంటికి వెళ్లాను. రేకుకెంత, బోల్టులకెంత, కూలికెంత అని నేనే ముందు అడిగాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితం తీశారు.