ముహూర్తజీవి

గురువారమునాడు కచేరి 10-30 గంటలకు తెరవబడును. మన ముహూర్తజీవి మాత్రము 11 దాటి నాలుగైదు నిమిషములు గడచినగాని అందు పాదము మోపడు. దీనిని బద్ధకముగా భావించు పై అధికారిపై ఆయనకు కోపము లేదు, జాలి మాత్రమే కలదు. సూర్యోదయము 6 గంటలకైన దినమున గురువారపు తొలి దుర్ముహూర్తము 10 గంటలకు ప్రవేశించి 10-48కి తొలగునని ఎరుగని మానవునితో వాదమేల? మరి 10-49కి రారాదా యందురేమో, అక్కడనే యున్నది సూక్ష్మము. దేశపు గడియారమునకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ చెంతగా పోవుచున్నది. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున ఇచ్చటి సూర్యుడు 16 నిమిషములు ఆలస్యముగా ఉదయించును. సూర్యుడే ఆలస్యముగా వచ్చు ఊరిలో గుమాస్తా వేళకు రావలెననుట ఎక్కడి ధర్మము? సాయంకాలము ఇంటికి మరలుటయందు మాత్రము ఆయన కాకినాడ కాలమునే అనుసరించును.

ఇట్టివానిని చాదస్తుడని కొట్టివేయుట తొందరపాటు. చాదస్తుడు శాస్త్రమునకు లోబడినవాడు. తనకు నష్టము కలిగినను వర్జ్యము నాలుగు ఘడియలును గడచువరకు గుమ్మమునొద్దనే కూర్చుండును. అట్టి పెద్దలను చూచి నవ్వుటకు నాకు మనసొప్పదు. మనవాడో, శాస్త్రమునే తనకు లోబరచుకొనినవాడు. తిథి, వార, నక్షత్ర, యోగ, కరణములను ఐదుగురు వకీళ్ళు ఆయన కొలువున సదా సిద్ధముగా నుందురు. ఏ వ్యాజ్యమునకు ఎవరిని పిలువవలెనో ఆయనకు తెలియును. ఇంట రెండు పంచాంగములుండును: ఒకటి దృగ్గణితము, వేరొకటి పూర్వపద్ధతి. రెంటి గణితమునకు పొందిక లేకపోవుటచే ఒక్కొక్కమారు ఏకాదశి రెండు దినములకు చీలును. అట్టి పుణ్యసమయమున ఆయన మొదటినాడు రెండవ పంచాంగమును, రెండవనాడు మొదటి పంచాంగమును ప్రమాణముగా గ్రహించి, రెండు దినములును తృప్తిగా భుజించును. ఈ భేదములను బాపుటకై ప్రభుత్వమువారు 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన సంఘమును నియమించి, 1957 మార్చి 22 నుండి రాష్ట్రీయ పంచాంగమును అమలుపరచిరి. దేశమున ముప్పది రకముల పంచాంగములు వాడుకలో నున్నవని ఆ సందర్భమున విని ఆయన దీర్ఘముగా నిట్టూర్చెను, తనకు రెండే లభించినందుకు.

ఉగాదినాటి పంచాంగ శ్రవణమునకు ఆయన కోవెలలో ముందు వరుసనే కూర్చుండును. తన రాశికి ఆదాయము 14, వ్యయము 2 వచ్చిన యేట ఇంటికి వచ్చి మౌనము వహించును. ఆదాయము 2, వ్యయము 14 వచ్చిన యేట మాత్రము ఆ పుటను మడచి, పట్టుచీర మాట వినబడినప్పుడెల్ల ఇల్లాలికి బిగ్గరగా చదివి వినిపించును. అవమానము 6 అని వ్రాసిన ఒక సంవత్సరమున, శ్రావణము నాటికే నాలుగు తీరిపోయినవని లెక్కగట్టి, మిగిలిన రెంటిని బావమరది గృహప్రవేశమునకై పొదుపుగా అట్టిపెట్టెను.

కాని ఆయన ప్రతిభ పూర్ణముగా ప్రకాశించునది ప్రయాణ విషయమునందు. సోమ శనివారములు తూర్పునకు, గురువారము దక్షిణమునకు, ఆది శుక్రవారములు పడమటికి, మంగళ బుధవారములు ఉత్తరమునకు వారశూల. శూలనాడు తప్పక పోవలసివచ్చినవారికై పూర్వులు దయతో ప్రస్థానమను ఉపాయమును కల్పించిరి: మంచివేళ చూచి ముందుగా ఒక వస్తువును పొరుగింట నుంచినచో మనిషియే బయలుదేరినట్లు లెక్క. తండ్రినాటి ఇంటిని పంచుకొను విషయమై శనివారమునకు బెజవాడ చేరవలసినదని చెల్లెలొకమారు ఉత్తరము వ్రాసెను. ఆయన శుక్రవారము ఉదయమున, తారాబలము చంద్రబలము చక్కగా చూచుకొని, తన గొడుగును పొరుగువారి వసారాలో ప్రస్థానముంచెను. అంతలో చినుకులు పడుటయు, ఆ యింటి పిల్లవాడు ఆ గొడుగునే వేసికొని బడికి పోవుటయు జరిగినవి. బడి పడమటి వీధిలోనిది. ఆనాడు పడమటికి శూల! గొడుగు రూపమున తాను శూలకెదురుగా బయలుదేరిపోయితినని గ్రహించినంతనే ఆయన ముఖమున ఒక విధమైన వెలుగు కానవచ్చెనట. ఒకే ప్రయాణమును రెండు దిక్కులకు ప్రారంభించుట శాస్త్రసమ్మతము కాదని, పంపకము మాట మరియొకప్పుడు చూచుకొందమని చెల్లెలికి జాబు పోయినది. గొడుగు తడిపినందుకు చీవాట్లు తప్పవనుకొన్న ఆ కుఱ్ఱవానికి ఆయన స్వయముగా పిప్పరమెంట్లు కొనిపెట్టిన ఉదంతమును ఆ వీధివారు ఇప్పటికిని చెప్పుకొందురు.

అప్పు తెచ్చుకొనుటకు ఆయన ఏనాడును తిథి చూడలేదు. ఆపత్కాలమునకు దోషము లేదు గదా! తీర్చుటయే చిక్కు. ఆషాఢము శూన్యమాసమనియు, పిదప వచ్చినది అధికమాసమనియు, అది పోయినంతనే శుక్ర మౌఢ్యము వచ్చిపడినదనియు విని విని, బియ్యపుకొట్టు షావుకారు తుదకు తానొక పంచాంగమును కొని, సిద్ధాంతిగారి యరుగుపై పది దినములు కూర్చుండి, ఒక మంగళవారము ఉదయముననే దిగెను.

“అయ్యగారూ, మంగళవారమున ఋణము తీర్చినవారికి మరల ఋణము కలుగదని శాస్త్రమట గదండీ!”

“శాస్త్రము నిజమే, షావుకారుగారూ. కాని మంగళ శుక్రవారములందు మా యింట డబ్బు గడప దాటించు ఆచారము లేదు. మా నాయనమ్మ నాటి మాట. ఆచారమును కాదనుటకు మనమెంతవారము?”

షావుకారు మరునాడు నడిమింటి సూర్యుని వేళ, నీడ కాళ్ళ క్రిందికి వచ్చునప్పుడు, చెమటలు గ్రక్కుచు మరల వచ్చెను. పల్లెలలో గడ్డపలుగు ముహూర్తమని పేరొందిన అభిజిత్తు సర్వదోషములను హరించునని ఆయన నేర్చిన విద్యలో చివరి పాఠము.

ముహూర్తజీవి ఎదురేగి, చేయి పట్టుకొని లోనికి తోడ్కొనివచ్చి, కుర్చీ వేయించి, మిక్కిలి బాధతో పలికెను: “ఎంత పని జరిగినదండీ! నేడు బుధవారము. బుధవారపు దుర్ముహూర్తము సరిగా అభిజిత్తు మీదనే పడును. మరి ఏ వారమైనను ఈ వేళ దివ్యమైనదే. ఎండన పడి వచ్చితిరి, మజ్జిగ పుచ్చుకొనుడు.”

షావుకారు మజ్జిగ త్రాగి, మూతి తుడుచుకొని, సంచినుండి చిట్టాపుస్తకమును తీసి, తాను కొన్న పంచాంగము వెలను గూడ ఆయన పద్దున వ్రాసికొనెను.