ఇంటి బరువు కంటపడకుండా కాపురం చేయడానికి ఆరు చిట్కాలు

మాది నంద్యాల, అత్తగారిది ఆళ్లగడ్డ. ఇరవై రెండేళ్ల కాపురంలో ఇంటి సంగతి ఒక్కటీ గుర్తుపెట్టుకోకుండా నెగ్గుకొచ్చాను. ఆ విద్య నాతోనే పోకూడదని రాస్తున్నా. కొత్తగా పెళ్లయిన అబ్బాయిలు దీన్ని కత్తిరించి దాచుకోండి. ఎక్కడ దాచారో భార్యకు చెప్పండి, మీకు గుర్తుండదు.

1. "ఏమన్నా ఉంటే చెప్పు, చేస్తా" అనండి. రోజూ అనండి. ఏం ఉందో చూడటం, ఎప్పటికి కావాలో లెక్కేయడం, మీకు ఏ వేళప్పుడు చెబితే విసుక్కోరో కనిపెట్టడం ఆమె వంతు. చివరి పది నిమిషాలు మీవి. మంచి మొగుడన్న పేరూ మీదే.

2. అంగడికి మీరే వెళ్లండి, బుర్ర మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి. చీటీ ఆమెతోనే రాయించండి. అంగట్లో నిలబడి ఫోన్ చేయండి. "కందిబ్యాళ్లు కిలోనా, అరకిలోనా?" పెట్టేయండి. మళ్లీ చేయండి. "చింతపండు పోయిన తూరి తెచ్చిందేనా?" మూడోసారి: "ఎర్రగడ్డలు ఇంట్లో ఎన్నుండాయి?" ఆమె ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో తిర్వాత కలబెడుతూ, కాలితో బుట్ట ముందుకు లాగి చూసి చెబుతుంది. మీరు సంచి మోసుకొస్తారు. వీధిలో నలుగురికీ కనబడేది సంచే.

3. ఏ పనైనా ఒక్కసారి చెడగొట్టండి. పాపకు శనివారం తెల్ల యూనిఫాం బదులు మామూలుది తొడిగి పంపితే చాలు, ఆ పని మళ్లీ మీ గడప తొక్కదు.

4. పారువేట ఉత్సవం గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్త. కనుమ నాడు అహోబిలంలో బయల్దేరే నరసింహస్వామి పల్లకి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలు తిరుగుతుంది. స్వామి ఏ రోజు ఏ ఊర్లో ఉంటాడో ముందే అందరికీ తెలుసు. మోసేవాళ్లు అలిసిపోతే భుజం మార్చుకుంటారు. అదే రోజు ఆ ఊర్లోని ఇంట్లో ఎంతమంది చుట్టాలు దిగుతారు, ఎవరికి చక్కెర జబ్బు, ఓళిగలకు బెల్లం ఎంత, ఏ ఆడబిడ్డకు చీర పెట్టాల అన్న పట్టిక మాత్రం ఒక్క తలకాయలోనే ఉంటుంది. అక్కడ భుజం మార్చేవాళ్లు లేరు. ఎవరైనా ఈ తేడా ఎత్తితే "అంతా నరసింహస్వామి దయ" అని లేచి వెళ్లిపోండి.

5. ఆమెను ఆళ్లగడ్డ శిల్పుల దగ్గరికి తీసుకెళ్లకండి. ఉలి పట్టకముందు శిల్పి రాతి మీద గీతలు గీస్తాడు. మోత ఉండదు, దుమ్ము లేవదు. అయినా విగ్రహం సగం అక్కడే తేలిపోతుంది. గీతలు గీయడం పని కాదని కూలి తగ్గించే మొనగాడు ఇంకా పుట్టలేదు. "రేపు పొద్దున ఏం చేయాల" అని రాత్రి పడుకుని ఆలోచించడమూ ఆ గీతేనని ఆమెకు తట్టిందా, మీ పని అయిపోయినట్టే.

6. లెక్కలొస్తే బెదరకండి. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం సొంత ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. సర్వేలో రోజును అరగంటలుగా విడగొట్టి లెక్క రాసుకుంటారు. బోకులు తోముతూ "గ్యాస్ బుక్ చేయాల" అనుకున్న అర నిమిషానికి ఆ గళ్లలో చోటెక్కడ? దొరకని దొంగతనం అది. అందుకే గ్యాస్ గానీ, పాల లెక్క గానీ, పిల్ల బడి సంగతి గానీ మొదలు నుంచి చివరిదాకా మీ తల మీద వేసుకోకండి. వేసుకుంటే తలలో ఎంత చోటు పడుతుందో తెలిసిపోతుంది.

నాకు అట్లే తెలిసింది. పోయిన ఎండాకాలం వాళ్లమ్మకు ఒంట్లో బాగలేదని మా ఆవిడ ఆళ్లగడ్డ పోయింది. మూడో రోజే గ్యాస్ బండ అయిపోయింది. ఫోన్ చేసి, "ఇంకో బండ యాడుండాది?" అని అడిగినా. "మీ కండ్ల ముందరే ఉండాది" అనింది. నిజంగానే ఉంది, నా మోకాలికి తగులుతూ.

అయినా ఈ చిట్కాలు పాటిస్తామంటారా? సరే, ఒక్క మాటకు జవాబు చెప్పి మొదలుపెట్టండి. ఇప్పుడు మీ ఇంట్లో మండుతున్న బండ ఏ తేదీన పెట్టారు? వంటింటి వైపు తిరిగి అడక్కుండా చెప్పండి.