చిలుక భుజముపై గాయము

చిలుకను గూర్చి ఒకరు నాకు చెప్పవలసినదేమియు లేదని అరువది యేండ్లుగా నమ్మియున్న నేను, గత ఫాల్గుణమున ఢిల్లీలో మా బావమరిది యింట నుండగా, లోడీ ఉద్యానములోని పాత సమాధుల నడుమ ఉదయపు షికారు సేయుచు, విరగబూచిన బూరుగుకొమ్మపై ఒక స్థూలకాయ శుకమును గాంచి, ఆ నమ్మకమునకు తిలోదకము లిచ్చుకొంటిని. మన పెరటి జామచెట్టుపై వ్రాలు రామచిలుక తోకతో సహా 40 సెంటీమీటర్లుండగా, ఇది 55కు పైబడి, దొండపండువంటి ముక్కుతో, మెడను నలుపు గులాబి వన్నెల కంటెతో, జమీందారు ఠీవిని కూర్చుండెను. బూరుగుకాయ పండునని కాచుకొని తుదకు దూది పాలైన చిలుక కథ విని బాల్యమున జాలిపడినవాడను. ఈ ఘనుడు మాత్రము కాయకై కాచుకొను వెర్రి మాని, ముందు రెండు, వెనుక రెండు వ్రేళ్లుగల పాదముతో పువ్వునే ఒడిసిపట్టి, మామిడిరసము జుర్రువానివలె తేనె జుర్రుచుండెను.

అంతలో దాని రెక్క మొదట ముదురెరుపు మరక కానవచ్చెను. "అయ్యో, గాయము!" అని నేను వేసిన కేకకు పరుగున వచ్చిన బావమరిది, తల పైకెత్తి చూచి, తల దించుకొని నవ్వెను.

"గాయం కాదు బావగారూ, గుర్తు! ఆ భుజం మీది మచ్చను బట్టే దీన్ని పోల్చుకుంటారు. అలెగ్జాండరు పేరు పెట్టారు దీనికి."

1766లో లిన్నేయస్ పండితుడు సద్వంశజాత యను అర్థము వచ్చునట్లు 'యూపాట్రియా' అని నామకరణము చేయుట సమంజసమే గాని, క్రీ.పూ. 326లో బియాస్ నది దాటలేక వెనుదిరిగిన చక్రవర్తి పేరును ఢిల్లీలో కాపురముండు పక్షి మోయుట నాకు విడ్డూరముగా తోచెను.

ప్రక్కకొమ్మపై మెడ బోసిగానున్న మరియొకదానిని వేరొక జాతి యంటిని, అదియు తప్పే. ఆడుదానికి కంటె యుండదట. మగవానికైనను ఇంచుమించు మూడవయేటి వరకు రాదట. అనగా ఆ కులమున మెడను సూత్రము ధరించి తిరుగువాడు పురుషుడే!

ఈ వింతను సాయంకాలము మా ఆవిడకు ఉత్సాహముతో వర్ణించితిని. ఆమె సావధానముగా విని, "మరి గుడ్లు పొదిగే ఆడపక్షికి తిండెవరు పెడతారో?" అనెను. శాస్త్రజ్ఞానమును ఎచట ఆపవలయునో ఎరుగని నేను, "మగపక్షి తెచ్చి నోటికందించును" అని సత్యమే పలికితిని.

మరునాడు లోడీ ఉద్యానమునకు బావమరిది ఒంటరిగా పోయెను. నేను వంటయింట కాఫీగింజలు విసరుచుంటిని.