కిటికీ మొక్క చీటీకి టీకా తాత్పర్యం

మూలం: కిటికీ మొక్క. నీళ్లు తక్కువ. నేరుటెండ వద్దు. 150 రూపాయలు.

అవతారిక: పావగడ శనైశ్చరుడి గుడికి శనివారం పోయిన గృహస్థుడొకడు తిరిగొస్తూ నర్సరీలో గుప్పెడంత మొక్క కొన్నాడు. కుండీలో గుచ్చిన చీటీ ఇది. పైన కన్నడం, కింద తెలుగు. పావగడలో బోర్డు కన్నడమైనా బేరం తెలుగే గనుక కింది పాఠమే గ్రాహ్యం.

ప్రతిపదార్థం: కిటికీ మొక్క = ఆకు కొసన వెలుతురు చొరబడే పారదర్శకపు పొర గలది, హవోర్తియా కూపరి అనబడునది; నీళ్లు = బోరు నీళ్లు; తక్కువ = మట్టి బాగా ఎండిన పిమ్మట మాత్రమే; నేరుటెండ = నడుమ అడ్డులేని ఎండ; వద్దు = వలదు; 150 రూపాయలు = గట్టిగా అడిగితే 100.

తాత్పర్యం: ఈ మొక్కను దాని మానాన దాన్ని వదిలేయవలెను.

విశేషాలు: "ఎడారి జాతికి ఎండ వద్దనడమేమిటి? ఇది లేఖక ప్రమాదం, 'నేరుటెండ ముద్దు' అని దిద్దుకోవాలి" అని గృహస్థుడి బావమరిది పక్షం. అది నిలవదు. దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్‌లో ఇది పొదల నీడన మట్టిలో కూరుకుపోయి బతుకుతుంది. వేళ్లే ముడుచుకుంటూ దాన్ని లోపలికి లాగుతాయి, ఆకు కొసలు మాత్రం నేలమట్టానికి తేలి ఉంటాయి. ఆ కొసల్లోంచి దిగిన వెలుగు నీరు నిండిన రంగులేని కణాల గుండా చెదిరి, తీక్ష్ణత తగ్గి, లోగోడలకు అంటుకున్న పత్రహరితాన్ని చేరుతుంది. ఒళ్లంతా భూమిలో దాచుకుని, ఎండ లేకుండా వెలుగు మాత్రం దింపుకునే ఉపాయం. అలాంటిదాన్ని కుండీలో పైకెత్తి నాటి, మిద్దె మీద మేనెల ఎండకు పెడితే మాడక ఏం చేస్తుంది? కాబట్టి "వద్దు" అనేదే సాధుపాఠం.

నమీబియా తీరాన ఫెనెస్ట్రేరియాది ఇదే పద్ధతి, ఇసుకలో. దాని చుట్టమైన లిథాప్స్‌ను 1811లో బర్చెల్ అనే యాత్రికుడు గులకరాయనుకుని చేతికి తీసుకున్నాడు. రాయి అనుకున్నవాడు నీళ్లు పోయడు కదా, అది దాని అదృష్టం.

బావమరిది పావగడ తాలూకాలోని తిరుమణి సోలార్ పార్కును ఉదాహరించాడు: అయిదు ఊళ్ల రైతుల నుంచి కౌలుకు తీసుకున్న సుమారు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు, అంతా గాజు పలకల మహిమ, అదీ నేరుటెండలోనే. దృష్టాంతం గంభీరమే గాని అతకదు. పొద్దుగూకితే పలకకు పని లేదు. ఈ మొక్క రాత్రి చల్లబడ్డాకే ఆకు రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువు పోగుచేసుకుంటుంది. పగలు తెరిస్తే ఉన్న తడి కాస్తా పోతుంది.

"నీళ్లు తక్కువ" అనడం పునరుక్తి దోషమని ఇంకొకరు. పావగడ తాలూకాలో నీళ్లకు ఆ విశేషణం వేరే పెట్టనక్కర్లేదట. ఈ ఆక్షేపంలో పస ఉంది. అయినా మూలకారుడు ఇంట్లో అవ్వను దృష్టిలో పెట్టుకుని రాశాడని మా ఊహ. దప్పికకు ఈ మొక్క ఒక పట్టాన చావదు. బియ్యం కడిగినప్పుడల్లా "పాపం" అంటూ ఆ నీళ్లు పోస్తే వారాల్లో మొదలు కుళ్లుతుంది.

ధర విషయంలో వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. "వెలుతురుకు కరువు లేని ఊరికి కిటికీ కొనుక్కొచ్చినావేమిరా" అని అవ్వ టీక.