ఎవురో చెప్పుకో సూద్దాం

బొమ్మలత్త సంచి పట్టుకుని వస్తోందంటే మా వీధి పిల్లకాయలు ముందే పరిగెత్తుకొచ్చి వేగు చెబుతారు. "మీసాలుండాయి. కండ్లద్దాలు లేవు." ఇంట్లోవాళ్లు ఆ రెండు ఆనవాళ్లతోనే పరీక్షకు సిద్ధం కావాలి. బొమ్మలత్త బహుమానం ఇచ్చి ఊరకుండే మనిషి కాదు మరి. ఉలన్ దారంతో అల్లిన జానెడు బొమ్మను మన చేతిలో పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, కొంగు నడుముకు దోపుకుని అడుగుతుంది: "ఎవురో చెప్పుకో సూద్దాం."

తెలియదనడానికి వీల్లేదు. తప్పు చెప్పడానికి అసలే వీల్లేదు. ఒకసారి మా నాయన ఘంటసాల బొమ్మను చూసి, మన పాత సర్పంచి కదా అన్నాడు. ఆ ఏడు ఉగాదికి వాళ్లింటి నుంచి మాకు ఓళిగలు రాలేదు.

అప్పటినుంచి వీధి వీధంతా పేరెత్తకుండా పొగిడే విద్య నేర్చుకుంది. "అబ్బ, ఆ కండ్లు సూడు, అచ్చం!" ఎవరి కండ్లో అనం. "నిలబడిన తీరు సూడు, తీసి పెట్టినట్లుండాది!" ఎవరిని తీసి ఎక్కడ పెట్టారో మేం అడగం, ఆమె చెప్పదు. రిటైరైన అయ్యవారు ఒకాయన మాత్రం తొందరపడి "సాక్షాత్తూ వినాయకుడేనమ్మా" అన్నాడు. అది గాంధీ. చెవులు కాస్త పెద్దవయ్యాయి, అంతే.

ఇట్లాంటి మనిషి మీ ఊళ్లోనూ ఉంటుంది. పెళ్లికి కుక్కరు చదివించినవాళ్లను జాలిగా చూస్తుంది. "డబ్బులుంటే ఎవురైనా కొంటారు" అంటుంది. ఆమె లెక్కలో బహుమానమంటే పదకొండు రోజుల మెడనొప్పి. బారసాలకు బొమ్మ, గృహప్రవేశానికి బొమ్మ, బదిలీ అయి పోతున్న బ్యాంకు మేనేజరుకు బొమ్మ. ఎవరికి ఎవరంటే ఇష్టమో వారం ముందే కూపీ లాగుతుంది. మనకు నచ్చిన నటుణ్ని మాటవరసకు అన్నామా, ఇంక ఆయన తల మన కోసం మొదలైనట్లే.

తల మొదలయ్యే తీరు మాత్రం చూడవలసిందే. అల్లిక అంటే మనకు గుర్తొచ్చేది నర్సాపురం లేసు. అది మిషనరీ దొరసానులు గోదావరి ఒడ్డున మన ఆడవాళ్లకు నేర్పిన పని, అల్లితే గుడ్డలా పరుచుకుంటుంది. బొమ్మల దారి వేరు. దాన్ని జపాన్ వాళ్లు అమిగురుమి అంటారు. మా అత్తకు ఆ పేరు పలకదు, పని పలుకుతుంది. దారాన్ని వేలికి ఉంగరంలా చుట్టి, క్రోషే సూదితో అందులో 6 కుట్లు వేసి లాగితే నడుమ చిల్లు మూసుకుపోతుంది. రెండో వరసకు 12, మూడుకు 18, ఆపైన 24. వరసకు ఆరేసి పెంచుతూ పోతే చక్రం. పెంచడం ఆపి చుట్టూ తిరిగితే గిన్నె. ఆరేసి తగ్గిస్తూ వస్తే గుండు. మూతి మూసేముందు దూది కూరాలి. ఒక్క వరసలో లెక్క తప్పిందా, తల గుండ్రంగా రాదు, వంకాయలా ఓరగా పోతుంది. అందుకే అల్లేటప్పుడు ఆమెతో మాట్లాడకూడదు. పలకరించినా "ఇరవై మూడు" అంటుంది.

గుండు వరకూ ఏ పేచీ లేదు. చిక్కంతా మొహం దగ్గరే. ఆమె పెద్ద తలకు నడుము చుట్టుకొలత 36 కుట్లు. ఆ ముప్పై ఆరింట్లోనే కండ్లు, ముక్కు, మీసం, తారల కళ అన్నీ ఇమడాలి. రెండు నల్ల చొక్కా గుండీలు, ఒక ఎర్ర దారపుపోగు. నిజం చెప్పాలంటే ఇన్నేళ్లలో ఆమె అల్లినది ఒక్క మొహమే. టోపీ పెడితే ఒకాయన, జుట్టు వెనక్కి దువ్వితే ఇంకొకాయన. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాటవాళ్లు ఈ చిక్కును ఏనాడో విప్పేశారు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల బొమ్మల్లో పది తలలుంటే రావణుడు, తోకుంటే హనుమంతుడు. తెరముందు కూర్చున్నవాళ్లను ఎవరో చెప్పుకోమని అడిగే పనిలేదు. సినిమా నటులకు తోకలు లేకపోవడమే మా అత్తకు వచ్చిన కష్టం.

ఇంతకీ ఆమె జీవితాశయం ఎన్టీఆర్ బొమ్మ. 1985, 1989, 1994 మూడుసార్లూ హిందూపురం ఎమ్మెల్యే ఆయనే. మాది మడకశిర నియోజకవర్గం, ఆయనకు ఓటేసే యోగం మా ఊరు అమరాపురానికి లేదు. అయినా మొదటిసారి ప్రచారానికి వచ్చినప్పుడు అత్త వాళ్ల నాయన భుజాలెక్కి చూసిందట. ఏం చూసింది? దుమ్ము. దుమ్ములోంచి పైకి లేచిన ఒక చెయ్యి. "మొగం సినిమాలో అందరూ సూసినారు. చెయ్యి నేను సూసినా" అంటుంది. అందుకని మిగతా బొమ్మలకు చేతులు వక్కకాయల్లా మొండిగా ఉంటే, ఎన్టీఆర్‌కు మాత్రం ఐదు వేళ్లూ విడివిడిగా అల్లింది, వేలికి నాలుగేసి కుట్లు చుట్టి. ఐదూ కలిసేసరికి అరచెయ్యి మొహమంత అయింది.

ఇది మా చిన్నాయన కూతురి పెళ్లికి బహుమానం. పెండ్లికొడుకుది కర్ణాటకలో శిర. మా ఊళ్లో తెలుగులో పలకరిస్తే కన్నడంలో జవాబొస్తుంది, సంబంధాలూ అంతే, సరిహద్దును లెక్కచేయవు. అత్త మాయాబజార్ కృష్ణుణ్ని పట్టుకుంది. నీలం రంగు వెయ్యాలా వద్దా అని ఇంట్లో నాలుగు రోజులు వాదన నడిచింది. ఆ సినిమా 1957లో వచ్చింది, నలుపు తెలుపుల్లో. రంగులద్ది మళ్లీ వదిలింది 2010లో. "నేను సూసిన కృష్ణుడు నీలం లేడు" అని తేల్చేసి గోధుమరంగు దారం తీసింది. ధర్మవరంలో మగ్గం నేసే చుట్టాలు దాచిపెట్టిన జరీ కొసలతో కిరీటం చుట్టింది. కిరీటంలో నిజం నెమలి ఈక తునక. పెద్ద చేతిలో అగరొత్తి పుల్లకు దారం చుట్టిన పిల్లనగ్రోవి. న్యాయంగా చెప్పాలంటే అది ఆమె పనితనంలో మేలైనది. నేనే గుర్తుపట్టాను. అయితే నాలుగు రోజుల వాదనా విన్నవాణ్ని కాబట్టి నా సాక్ష్యం చెల్లదు.

పెళ్లి శిరలో జరిగింది. చదివింపుల దగ్గర అత్త వరస రానే వచ్చింది. బొమ్మను వేదిక మీద పెండ్లికొడుకు చేతిలో పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, కొంగు దోపింది. మా వైపువాళ్లందరం అలవాటు ప్రకారం "అచ్చం" అనడానికి నోళ్లు తెరిచి ఉన్నాం. ఆమె ప్రశ్న ఇంకా నోట్లోనే ఉంది.

పెండ్లికొడుకు అవ్వ ముందుకొచ్చింది. ఎనబై దాటిన మనిషి, చూపు అంతంతమాత్రం. బొమ్మను లాక్కుని కండ్లకు దగ్గరగా పెట్టుకుని ఒక్క కేక వేసింది.

"అయ్యో, నమ్మ అణ్ణావ్రు! మయూర!"

అణ్ణావ్రు అంటే కన్నడిగులకు రాజ్‌కుమార్ ఒక్కడే. మయూర ఆయన సినిమా, 1975ది, కదంబ రాజు కథ. అవ్వ నెమలి ఈకను చూపించింది, మయూరమంటే నెమలే కదా! పిల్లనగ్రోవిని పట్టుకుని "కత్తీనూ ఇదె!" అంది. ఆ మాటతో ఆమె కండ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్ల వైపు ఆడవాళ్లంతా మూగి ఆ కత్తిని తాకి చూశారు. బొమ్మ అక్కడినుంచి ఎవరి చేతికీ చిక్కలేదు, ఒడిలోంచి ఒడిలోకి పోయింది.

నేను బొమ్మలత్త మొహం చూడలేకపోయాను. ఇన్నేళ్లూ ఊరందరికీ పరీక్షలు పెట్టిన మనిషి. "కాదమ్మా" అంటుందేమో, చెయ్యి సంగతి ఎత్తుతుందేమో అనుకున్నాను. ఆమె దోపిన కొంగు విప్పి భుజం మీదుగా కప్పుకుని నెమ్మదిగా అంది: "హౌదమ్మా, మయూరనే."

తిరుగు బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. ఓదార్పుగా ఉంటుందని చెప్పాను, రాజ్‌కుమార్ తెలుగులోనూ చేశాడత్తా, కాళహస్తి మహాత్మ్యం, 1954లో, కన్నడం కాకుండా ఆయన హీరోగా చేసింది అదొక్కటేనంట. "అట్లనా" అంది. మళ్లీ మాట లేదు. సరిహద్దు దాటినాక సంచిలోంచి సూది, దారం తీసి వేలికి ఉంగరం చుట్టింది. ఎవరిదత్తా అని అడగబోతే "పద్దెనిమిది" అంది.

ఊళ్లో దిగేసరికి పిల్లకాయలు బస్టాండులోనే కాచుకుని ఉన్నారు. వాళ్ల వెనక మా నాయన, మనసులో ఉగాది ఓళిగలు మెదులుతున్నట్టుంది, కాస్త భయంగానే అడిగాడు: "ఏం చెల్లీ, గుర్తు పట్టినారా?"

"నేను అడగకముందే పట్టేసిందిన్నా ముసలామె" అంది బొమ్మలత్త.