వేళ తేలనిదే బ్రష్ ముట్టకండి

నెపోలియన్ కాలపు సైనికుల బొమ్మలకు రంగులు వేయాలన్న కోరిక పుట్టగానే అందరూ చేసే మొదటి పని యూనిఫాంల పుస్తకం కొనడం. నా మాట వింటే దాన్ని అన్నిటికన్నా చివర కొనండి. సైన్యం ఉత్తర్వు ప్రకారం సిపాయి ఎలా ఉండాలో ఆ పుస్తకం చెబుతుంది. మీ బల్ల మీదున్న 28 మిల్లీమీటర్ల మనిషి మాత్రం ఒకానొక రోజు, ఒకానొక పొలంలో, బురదలో నిలబడ్డాడు. ఆ రోజేదో, అప్పుడు వేళెంతో తేల్చుకోకుండా ప్రైమర్ డబ్బా మూత తీయొద్దు. తేలకపోతే ఆ బొమ్మను లోహపు రంగుతోనే అరలో ఉంచేయండి. ఏళ్ళు పడితే పట్టనివ్వండి.

వాటర్లూ యుద్ధాన్నే తీసుకుందాం. 1815 జూన్ 18, ఆదివారం. ముందురోజు మధ్యాహ్నం మొదలైన వాన రాత్రంతా కురిసింది. సిపాయిలు ఆ తడి నేల మీదే పడుకున్నారు. దుకాణాల్లో దొరికే బ్రిటిష్ సిపాయికి మనవాళ్ళు మెరిసే ఎర్రకోటు, మల్లెపువ్వు లాంటి తెల్ల ప్యాంటు వేసేస్తారు. అలా వేయకండి. యుద్ధభూమిలో వాళ్ళకున్నది బూడిదరంగు ప్యాంటు. మామూలు సిపాయి కోటు ఎరుపు మంజిష్ఠ జాతి వేరుతో అద్దినది, ఇటుకరాయి రంగుకు దగ్గర. నిగనిగలాడే ఎరుపు అధికారులది, అది కొచినీల్ పురుగు నుంచి వచ్చేది, ఖరీదైనది. ఒకే డబ్బాలోంచి ఇద్దరికీ రంగు వేశారంటే మీరు సిపాయికి ప్రమోషన్ ఇచ్చేసినట్టే. ఇక ఆ ఉదయం తడి ఆరని కోటును చూపించాలి కాబట్టి హైలైట్లు మానేయండి. మడతల మీద లేత రంగు గీతలు గీసి బొమ్మను మెరిపించే పద్ధతి పోటీల్లో బహుమతులు తెస్తుంది. రాత్రంతా తడిసిన ఉన్నికి ఆ మెరుపు ఉండదు.

వేళ సంగతి మూతి దగ్గర తేలిపోతుంది. ఆ రోజుల్లో మస్కెట్ నింపాలంటే కాగితపు తూటాను పళ్ళతో కొరికి చించాలి. తుపాకీమందు పెదాలకు, గడ్డానికి అంటుతుంది. తుపాకీ కుడిభుజానికి ఆనించి కాలుస్తారు కనుక తుపాకీ పక్కనుండే చిన్న పళ్ళెంలో మందు అంటుకున్నప్పుడు లేచే మంట, పొగ కుడిచెంపను మసి చేస్తాయి. ఉదయం 10 గంటల సిపాయి మూతి శుభ్రం. సాయంత్రం 4 గంటల సిపాయికి పెదాల చుట్టూ, కుడిచెంప మీద మసి తప్పదు. నల్లరంగును పల్చగా కలిపి, బ్రష్‌ను గుడ్డకు తుడిచి, పొడి కొసతో అద్దాలి. ఎడమచెంపకు అంతే మసి పూస్తే తప్పే. ఒక బెటాలియన్ అంతటికీ ఒకే వేళ ఉండాలి. ముందు వరుసకు పొద్దుటి మూతి, వెనక వరుసకు సాయంత్రపు మూతి పెట్టినవాళ్ళ బల్ల ముందు నేను నిలబడలేను.

తలమీద టోపీల దగ్గర ఇంకా పట్టుదలగా ఉండండి. 1812లో బ్రిటిష్ పదాతిదళానికి ముందువైపు ఎత్తుగా లేచిన కొత్త షాకో (గట్టి సైనిక టోపీ) వచ్చింది. కానీ 95వ రైఫిల్స్, 52వ, 71వ లైట్ ఇన్‌ఫాంట్రీ పాత గొట్టపు షాకోనే పెట్టుకున్నారు. లైట్ ఇన్‌ఫాంట్రీ కాకపోయినా 28వ రెజిమెంట్ కూడా పాతదాన్ని వదల్లేదు. ఈ 28వ వాళ్ళకు ఇంకో ముచ్చట ఉంది. 1801లో అలెగ్జాండ్రియా దగ్గర ముందూ వెనకా ఒకేసారి శత్రువు మీద పడితే, వెనక వరుస అక్కడికక్కడే వెనక్కి తిరిగి పోరాడింది. ఆ గుర్తుగా టోపీకి వెనకవైపు కూడా చిన్న బిళ్ళ పెట్టుకునే ఆచారం వచ్చింది. మీ బొమ్మ షాకోకు వానతొడుగు ఉందనుకోండి. ముందుగా వెనకవైపు ఇత్తడిరంగు చుక్క పెట్టండి. అది ఆరాక తొడుగు నలుపు దాని మీద వేసేయండి. ఎవరికీ కనపడదు కదా అని మానొద్దు. తొడుగు కింద ఏముందో చేతికి తెలిసి వేసిన నలుపు వేరు.

ఫ్రెంచివాళ్ళ విషయంలో ఖర్చుకు వెనకాడొద్దు. నెపోలియన్ ఇంపీరియల్ గార్డ్ అనగానే అందరికీ ఎత్తయిన ఎలుగుబంటి చర్మపు టోపీ, తెల్ల బ్రీచెస్ గుర్తొస్తాయి. 1815 వసంతంలో హడావిడిగా కూర్చిన 3వ, 4వ గ్రెనడియర్ రెజిమెంట్లకు ఆ టోపీలు సరిపడా లేవు. షాకోలు, మామూలు టోపీలు, ఏది దొరికితే అది. ఒంటి మీద పొడవాటి ఓవర్‌కోటు. కాబట్టి గార్డ్ పెట్టె ఒకటి కొంటే, టోపీల కోసం ఇంకో రెండు మూడు రకాల పెట్టెలు కొని తలలు కోసి అతికించండి. ఒకే పెట్టెలోని తలలన్నీ అలాగే వాడితే ఆ రెజిమెంట్ మీ ఇంట్లోనే పుట్టిందని తెలిసిపోతుంది. 11వ క్విరాసియర్ల సంగతి ఇంకా గట్టిది. కవచమే పేరుగా ఉన్న ఆశ్వికులు వాళ్ళు, ఆ యుద్ధానికి కవచాల్లేకుండా వచ్చారు. దుకాణంలో కవచం లేనివాళ్ళు దొరకడం కష్టం. ఆకురాయి తీసుకుని ఒక్కొక్కరి ఛాతీ, వీపూ అరగదీసి, పుట్టీతో కోటు మడతలు, గుండీలు దిద్దాలి. సులువైన 8వ రెజిమెంట్ వేసుకోవచ్చు కదా అంటారు. సులువని రెజిమెంట్ ఎంచుకునేవాళ్ళకు ఈ వ్యాసంతో పనిలేదు.

గోడకు బొమ్మల పటాలు తగిలించుకోవద్దు. ముఖ్యంగా లేడీ బట్లర్ 1881లో వేసిన ‘స్కాట్లండ్ ఫరెవర్’. గొప్ప చిత్రం, అందుకే ప్రమాదం. వాటర్లూలో పోరాడిన బ్రిటిష్ ఆశ్వికదళం స్కాట్స్ గ్రేస్ గుర్రాలు మన మీదికే దౌడు తీస్తుంటాయి. ఆ రోజు స్కాట్స్ గ్రేస్ బురద వాలులో, తమ పదాతిదళం మధ్యలోంచి, నడకతో మొదలుపెట్టారు. టోపీల మీద వానతొడుగులున్నాయి. కళ్ళెదుట ఆ పటం ఉంటే మీ చెయ్యి దౌడు వైపే పోతుంది.

ఆదర్శం కావాలంటే కెప్టెన్ విలియం సైబోర్న్‌ను పెట్టుకోండి. వాటర్లూ నమూనా కట్టడానికి 1830లో ఆ పొలంలోనే నెలల తరబడి ఉండి కొలతలు తీశాడు. బతికున్న అధికారులకు ఉత్తరాలు రాసి, సాయంత్రం 7 గంటలప్పుడు మీ దళం ఎక్కడుంది, మీ ముందు పొలంలో పంటేమిటి అని అడిగాడు. 70 వేలకు పైగా బుల్లి సైనికులతో 1838లో దాన్ని లండన్‌లో ప్రదర్శించాడు. పంటేమిటని అడిగినవాడి బొమ్మల్ని నమ్మొచ్చు. బేస్ మీద ఆకుపచ్చ పొడి చల్లి పని అయిందనుకునేవాళ్ళు ఆ ఉత్తరాల గురించి ఆలోచించాలి. అది రై చేను, తొక్కేసిన రై చేను.

ఇదంతా కోడిగుడ్డుకు ఈకలు పీకడమని మీ ఇంట్లోనే అంటారు. వాళ్ళకు వేలూరు సంగతి చెప్పండి. 1805 చివర్లో మద్రాసు సైన్యం సిపాయిలకు కొత్త తరహా తలపాగా పెట్టమన్నారు. దానికి తోలు గుర్తు. నుదుట బొట్టు, చెవిపోగులు కూడదన్నారు, గడ్డం గీయమన్నారు. ఆ సైన్యంలో తెలుగువాళ్ళు బోలెడుమంది. 1806 జూలై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు, వందలమంది చనిపోయారు. వేలూరు వెనక వేరే కారణాలూ ఉన్నాయి, కానీ నిప్పు అంటుకున్నది తలపాగా దగ్గరే. కనుక మద్రాసు సిపాయి బొమ్మ మీ చేతికొస్తే 1805 నవంబరుకు ముందా, తర్వాతా అన్నది తేలేదాకా తల జోలికి పోవద్దు. ఆ రోజు కోటలో ఉన్న తెల్లదళం 69వ రెజిమెంట్. దాని రెండో బెటాలియన్ 1815 జూన్ 16న కాత్ర్‌బ్రా దగ్గర 8వ క్విరాసియర్లకు రాజపతాకాన్ని పోగొట్టుకుంది. అంటే రెండు రోజుల తర్వాతి వాటర్లూ కోసం ఆ బెటాలియన్ వేస్తే జెండా మోసేవాడి చేతిలో ఆ జెండా పెట్టకూడదు. పెట్టెలో రెండు జెండాలిచ్చారు కదా అని రెండూ అతికించేస్తారు.

బెటాలియన్ మొత్తం పూర్తయ్యాక కొత్త వివరం తెలిస్తే సర్దుకుపోకండి, పైపైన దిద్దకండి. రంగంతా తీసేయండి. లోహపు బొమ్మలైతే అసిటోన్ పనిచేస్తుంది. ప్లాస్టిక్ బొమ్మల్ని అది కరిగించేస్తుంది, వాటికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. మూత ఉన్న సీసాలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మడతల్లో మిగిలిన రంగును పంటిపుల్లతో తీయండి. సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక మళ్ళీ ప్రైమర్ దగ్గర్నుంచి మొదలుపెట్టండి.